జూరాకాన్ అక్క మింగిన మాట

పాత పుస్తకాలకు కొత్త పేర్లు పెట్టడంలో మా జూరాకాన్ అక్కను మించినవాళ్లు బిష్కెక్ మొత్తంలో లేరు. ఈ మాటను పొగడ్తగా తీసుకోవాలో తిట్టుగా తీసుకోవాలో చదివేవాళ్ల ఇష్టం. పదకొండేళ్లు ఆమె బల్లకు ఎదురు బల్ల దగ్గర కూర్చుని అచ్చుతప్పులు దిద్దినవాణ్ణి, నాకే ఇంకా తేలలేదు.

మా ప్రచురణ సంస్థ కొత్త పుస్తకాలు వేసేది కాదు. కొత్తవి రాసేవాళ్లతో టీలు తాగాలి, వాళ్ల అలకలు తీర్చాలి. అంత ఓపిక మా డైరెక్టరు దోలోత్‌బెక్‌కు లేదు. సోవియట్ రోజులు పోయాక పల్లెల్లో మూతబడిన గ్రంథాలయాల నుంచి పాత పుస్తకాలు గోతాల్లో తెప్పించేవాడు. చాలావాటికి అట్టలుండేవి కావు. మొదటి నాలుగైదు కాగితాల్లో ఎవరో పొగాకు చుట్టుకుని తాగేసి ఉండేవారు. మిగిలినదాన్ని ఒక్క అక్షరం ముట్టుకోకుండా అచ్చు వేయించి, పైన మాత్రం కొత్త పేరు, కొత్త బొమ్మ పెట్టి బజారుకు తోలేవాడు. ఎవరైనా ఇదేం పనని అడిగితే జవాబు సిద్ధంగా ఉండేది. "పిల్లాడికి మాటిమాటికీ జబ్బు చేస్తే పేరు మార్చమా? పుస్తకం అమ్ముడుపోకపోవడం కూడా జబ్బే" అనేవాడు.

ఆ పేర్లు పెట్టేది అక్క. "గొర్రెల ఈనిక కాలంలో కాపరులు తీసుకోవలసిన జాగ్రత్తలు" అనే పుస్తకం ఆమె చేతిలో పడి "అమ్మ కడుపు చల్లగా" అయింది. ఆ ఏడు ఊళ్లో సగం మంది పెళ్లికూతుళ్లకు అదే కానుక. కార్మికుల భోజనశాలలకు కొలతలు చెప్పే పుస్తకం "ఖాన్ గారి వంటిల్లు" అయింది. మోజుపడి కొన్న ఇల్లాలు మొదటి పేజీ తెరిస్తే క్యాబేజీ ఎనభై కిలోలు అని ఉంటుంది. ట్రాక్టర్ల దళం దుక్కి గురించిన నవల "పొలంలో ఆ ఇద్దరు" అయింది. ఆ ఇద్దరూ ఎవరంటే ట్రాక్టరూ, దాని డ్రైవరూ. ఒక బడిపంతులు ఆ నవలనే మూడు పేర్లతో మూడుసార్లు కొన్నాడు. మూడోసారి మా గుమ్మంలోకి వచ్చి, "ఈసారైనా ఆ ట్రాక్టరు బాగవుతుందేమో అనుకున్నానండీ" అని చెప్పి వెళ్లిపోయాడు. తిట్టనైనా తిట్టలేదు పాపం.

ఈ విద్య అక్కకు బళ్లో అబ్బలేదు, అత్తారింట్లో అబ్బింది. మాలో కోడలు మామగారి పేరు, బావల పేర్లు నోట పలకకూడదు. ఆ పేర్లలో ఉన్న మాటలు కూడా పలకకూడదు. పంతొమ్మిదో ఏట ఆమె అట్‌బాషీలో అడుగుపెట్టిన ఇంట్లో పెద్ద బావ పేరు తెమిర్, అంటే ఇనుము. రెండో బావ కోజుబెక్, ఆ పేరులో గొర్రెపిల్ల ఉంది. అందుకని ఇనుప పొయ్యి "మోగేది" అయింది, గొర్రెపిల్ల "మే అనేది" అయింది. "మోగేదాని పక్కన మే అనేది పడుకుంది, కాలుతుందేమో చూడండి" అని కొత్త కోడలు కేకేస్తే ఇంటిల్లిపాదీ అర్థం చేసుకుని పరిగెత్తేవారట. దేన్నయినా దాని పేరుతో కాకుండా ఇంకో పేరుతో, అదీ చెవికింపుగా, అప్పటికప్పుడు పిలవడం ఆమెకు అలా ఒంటబట్టింది. దోలోత్‌బెక్ జీతమిచ్చింది దానికే.

బావలతో పోతే బాగానే ఉండును. అసలు చిక్కు మామగారితో వచ్చింది. ఆయనకు ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదు. పేరు వికారంగా ఉంటే మృత్యువు మొహం తిప్పుకుని పోతుందని నాలుగోవాడికి జామాన్‌బాయ్ అని పెట్టారు. జామాన్ అంటే చెడ్డ. మృత్యువు నిజంగానే మొహం తిప్పుకుంది, ఆయన డెబ్బై నాలుగేళ్లు బతికాడు. ఇరుక్కుపోయింది కోడలు. నలభై రెండేళ్లుగా 'చెడ్డ' అన్న మాట ఆమె నోట రాలేదు. పాలు విరిగితే "మనసు మార్చుకున్నాయి" అనేది. మొగుడు తాగొస్తే "ఇవాళ మంచివాడు కాడు" అనేది. ఆయన పోయాక కూడా ఆ అలవాటు పోలేదు, మామగారు పోయాక కూడా పోలేదు. మాలో ఆ మర్యాద చనిపోయినవాళ్లకు ఇంకొంచెం ఎక్కువే.

రాయడానికి అభ్యంతరం లేదు, పలకడానికే. పైకి చదివి వినిపించేటప్పుడు ఆ మాట తగిలితే గుటక వేసి, అక్కడ ఖాళీ వదిలి ముందుకు పోయేది. ఆ ఖాళీలో మాట పెట్టాల్సింది వినేవాళ్లు. మా గదిలో పెట్టేవాణ్ణి నేను. పత్రిక చదువుతూ "రేపు కనుమ దారి..." అని ఆమె గుటక వేస్తే "చెడ్డగా ఉంటుంది" అని నేను అందించేవాణ్ణి. పదకొండేళ్లు అందించాను. ఒక్కసారి అందించలేదు. ఈ కథంతా ఆ ఒక్కసారి గురించే.

మంగళవారాలు మా దగ్గర పేర్ల సభ. నూనెలో వేయించిన బోర్సోక్‌లు, మీగడ, టీ. దోలోత్‌బెక్ పేరును కాగితం మీద చూసేవాడు కాదు. "బజారులో జనం పుస్తకాన్ని నోటితో అడుగుతారు, కాగితం చూపించి కాదు. ముందు చెవికెక్కాలి" అనేవాడు. పసిబిడ్డ చెవిలో పెద్దవాళ్లు పేరు మూడుసార్లు చెప్పినట్టు, అక్క ప్రతి పేరూ మూడుసార్లు పైకి చెప్పాలి. మూడోసారికి డైరెక్టరు తల ఊపితే నేను రిజిస్టరులో రాయాలి. రిజిస్టరులో ఏది ఉంటే అట్ట మీద అదే.

ఇక్కడ నా సొంత పుస్తకం సంగతి చెప్పాలి, లేకపోతే నా పాపం అర్థం కాదు. ఎనభై మూడులో "మన నగరపు వీధి చెట్లు" అని ఒక పుస్తకం రాశాను. ఏ వీధిలో ఏ చెట్టు, ఎవరు నాటారు, ఎన్నేళ్లది, అన్నీ కాలినడకన తిరిగి రాసుకున్నాను. ఎనిమిదేళ్ల కష్టం. రెండు వేల నాలుగు వసంతంలో అక్క దానికి "చెట్టు వెనక ఎవరు?" అని పేరు పెట్టింది. అట్ట మీద నల్లకోటు మనిషి, చేతిలో కత్తి. ఒకావిడ ఆఫీసుకు ఫోన్ చేసి, "రెండొందల పేజీలు చదివాను నాయనా, చెట్లు తప్ప ఏమీ లేవు. ఇంతకీ వెనక ఎవరు, అదొక్కటి చెప్పు చాలు" అంది. ఎవరూ లేరమ్మా అన్నాను. "మరి ఎందుకు రాసినట్టు?" అని ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత నెల రోజులు నేను అక్కతో టీ కావాలా అన్న మాట తప్ప మాట్లాడలేదు. ఆమె మాత్రం మామూలుగానే ఉంది. ఇలాంటివాటికి అలిగేవాళ్లు ఉంటారని ఆమెకు తోచనే లేదు.

సరిగ్గా ఆ నెలలోనే ఒక గోతంలో ఆమె మామగారి పుస్తకం వచ్చింది.

జామాన్‌బాయ్ అట్‌బాషీ ఆస్పత్రిలో కాంపౌండరు. ముప్పై ఏళ్లు గుర్రం మీద కొండ ఊళ్లు తిరిగాడు. సగం ఇళ్లలో ఆయన వెళ్లేసరికే రోగి ఏదో ఒక నాటు మందు మింగి ఉండేవాడు. వాటిలో ప్రాణాలు తీసినవి నలభై ఏరి పుస్తకం రాశాడు. పేజీ పైన లావు అక్షరాల్లో మందు, దాన్ని ఎలా చేస్తారో, ఎంత వాడతారో. కింద సన్నక్షరాల్లో అది వాడినవాళ్ల ఊరు, పేరు, సంవత్సరం, ఎన్నో రోజున పోయారో. మందు గురించి అంత వివరంగా ఎందుకు రాశాడంటే, రేపెవరైనా దాన్ని చేతిలో పెడితే జనం గుర్తుపట్టి పారేయాలని. పుస్తకం పేరు "నలభై చెడ్డ మందులు". అరవై ఏడులో వేశారు. ఒక ప్రతి అట్‌బాషీలో అత్తగారి పెట్టె అడుగున ఉంది. మాకొచ్చినదానికి అట్టా లేదు, ముందుమాటా లేదు.

"ఇదేదో మందుల పుస్తకంలా ఉందే," అన్నాడు దోలోత్‌బెక్ మంగళవారం నాడు, బోర్సోక్ నములుతూ. "మందులంటే జనం చీమల్లా ముసురుతారు. అక్కా, దీనికేం పేరు పెడదాం?"

అక్క దాన్ని రెండు చేతులతో అందుకుని ఒళ్లో పెట్టుకుంది.

"దీని పేరు మార్చొద్దు తమ్ముడూ."

"మీరేనా ఈ మాట అంటోంది?"

"ఇది మా ఇంటి తెల్లగడ్డం ఆయన రాసింది. ఆయన పెట్టిన పేరే ఉండాలి. ఇన్నేళ్లలో నిన్ను నేనేమీ అడగలేదు. ఇదొక్కటి అడుగుతున్నా."

దోలోత్‌బెక్ రాతిమనిషి కాదు. టీ గిన్నె కింద పెట్టి, అరచెయ్యి గుండె మీద ఆనించుకున్నాడు. "పెద్దాయన పెట్టిన పేరు మార్చేంత సిగ్గులేనోణ్ణా అక్కా? ఒక్క అక్షరం మార్చను. ఆయన ఏం పెట్టారో చెప్పండి, అదే రాయిద్దాం. మూడుసార్లు చెప్పండి."

అక్క నా వైపు చూసింది. "నలభై..." అంది. గుటక వేసింది. "...మందులు."

నేను కలం పట్టుకుని కూర్చున్నాను.

"నలభై..." మళ్లీ గుటక. "...మందులు."

ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి. పదకొండేళ్ల అలవాటు మరి. నేను నోరు మెదపలేదు. నాకు నల్లకోటు మనిషి గుర్తొచ్చాడు. అట్ట నమూనా ఎలాగూ ఆమె బల్ల మీదికే వస్తుంది, చూసి గుండె గుభేలుమంటుంది, సొంత మనుషుల పుస్తకానికి పేరు చెడితే ఎలా ఉంటుందో ఒక పూట తెలిసొస్తుంది అనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను.

మూడోసారీ అలాగే అంది. "బాగుంది! పాతకాలం వాళ్లు ఎంత సూటిగా పెట్టేవాళ్లో చూడండి," అని దోలోత్‌బెక్ తల ఊపాడు. నేను విన్నది విన్నట్టు రాశాను. రచయిత పేరు రాయాల్సిన చోట ఎవరూ చెప్పకుండానే జామాన్‌బాయ్ అని రాశాను. ఆ పేరు ఆమె పలకకూడదని నాకు తెలుసు కదా. ఒక ఖాళీ నింపాను, ఒక ఖాళీ వదిలేశాను. నా కలం కదలడం చూసి అక్క నిశ్చింతగా టీ తాగింది.

ఆ సాయంత్రమే అట్‌బాషీ నుంచి ఫోన్ వచ్చింది. చిన్న మరిది ఇంట్లో ఉంటున్న అత్తగారు గడప దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి. అక్క మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది, ఆరు వారాలు రాలేదు.

ప్రూఫులు నేనే చూశాను. లావు అక్షరాలూ చదివాను, సన్నక్షరాలూ చదివాను. అట్ట నమూనా ఆమె బల్ల మీద రెండు రోజులు ఉండి, ఆమె లేదని డైరెక్టరు బల్ల మీదికి పోయింది. చెబుదామనుకున్న రోజు దోలోత్‌బెక్ చిరాగ్గా ఉన్నాడు. ఆయన చిరాగ్గా లేని రోజు నాకు ధైర్యం లేదు. ధైర్యం వచ్చేసరికి అట్టలు అచ్చయిపోయాయి. తెల్లగడ్డం ముసలాయన ఒకడు నవ్వుతూ, పొగలు కక్కే గిన్నె పట్టుకుని ఉన్నాడు. పైన బంగారు రంగులో "నలభై మందులు". మూడు వేల ప్రతులు మూడు వారాల్లో ఊడ్చిపెట్టుకుపోయాయి. మా సంస్థ పుట్టాక ఏ పుస్తకమూ అంత తొందరగా పోలేదు.

జూలైలో అక్క తిరిగొచ్చింది. ఊరి నుంచి అందరికీ ఎండు పెరుగు ఉండలు తెచ్చింది, పంచిపెట్టింది, తర్వాత తన బల్ల దగ్గర కూర్చుని పుస్తకం చూసింది. తెరవలేదు. అట్టనే చూస్తూ ఉండిపోయింది.

"ఎసెన్‌కుల్, నేను మధ్యలో ఆగాను కదా?"

"ఆగారు అక్కా."

"మూడుసార్లూ?"

"మూడుసార్లూ."

ఇంకేమీ అడగలేదు. తిడితే బాగుండేది. తిట్టడానికి కావలసిన ముఖ్యమైన మాట ఆమె దగ్గర లేదు మరి.

తిన్నగా డైరెక్టరు గదిలోకి పోయింది, వెనక నేనూ పోయాను. దోలోత్‌బెక్ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "చూశారా అక్కా? మాటంటే మాటే. పేరు ముట్టుకోలేదు. బొమ్మ ఒక్కటే నేను వేయించాను. పెద్దాయన ఇలాగే ఉండేవారా?"

అక్క కాగితం తీసుకుని అసలు పేరు మొత్తం రాసి చూపించింది. ఆయన చదివి, మళ్లీ చదివి, కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి తేరుకున్నాడు. వ్యాపారస్తులు తొందరగానే తేరుకుంటారు.

"లోపలంతా ఉంది కదా అక్కా. ఎవరెలా పోయారో కిందే రాసుంది. కొన్నవాడు చదువుకోడా?"

"మన పుస్తకాలు కొనేవాళ్లు పేరు చూసి కొంటారు, పేరునే నమ్ముతారు తమ్ముడూ. నాకా సంగతి నేర్పింది నువ్వే. నేను బాగా నేర్చుకున్నాను కూడా."

మళ్లీ వేసినప్పుడు సరిదిద్దుదామన్నాడు ఆయన. అప్పటిదాకా జనం ఏం చెయ్యాలని అక్క అడిగింది. 

ఆగస్టులో ఒక పొద్దున కోచ్‌కోర్ నుంచి ఒక ముసలి జంట వచ్చింది. ఆయన పేరు ఒరోజాలీ, ఆమె పేరు బుబుష్. తాత నెత్తిన తెల్ల ఉన్ని టోపీ, చంకలో మా పుస్తకం. ముసలమ్మ చేతులు రెండూ కోటు చేతుల్లోకి లాక్కుని కూర్చుంది. తాత పుస్తకం తెరిచి అక్క ముందు పెట్టాడు. పదకొండో మందు, చర్మం పొలుసులుగా ఊడే జబ్బుకు. నిప్పుల మీద పాదరసం ఉన్న ఇంగిలీకం చల్లి, దుప్పటి ముసుగు వేసుకుని ఏడు రోజులు ఆ పొగ పీల్చాలి. తాత నడుముకు చుట్టుకున్న గుడ్డలోంచి పొట్లం తీసి విప్పాడు. ఎర్రటి పొడి.

"సరుకు దొరికింది తల్లీ. పొగ పొద్దున పట్టాల్నా, సందేళ పట్టాల్నా, అది రాయలేదు. రాసినాయన ఉంటే అడిగిపోదామని వచ్చాం."

"ఆయన పోయి ఇరవై మూడేళ్లయింది తాతా. నేను ఆయన కోడల్ని."

తాత లేచి నిలబడి, రెండు అరచేతులూ మొహాన తడుముకుని దీవించాడు. "అంతటి మనిషి ఇంటి కోడలివా! అయితే నువ్వే చెప్పు. పొద్దునా, సందేళా?"

"ఏ పూటా వద్దు తాతా. ఈ మందు... అంత మంచిది కాదు."

"ఇంతకన్నా మంచిది ఉందా అయితే? ఎన్నో నెంబరు?" తాత ఆశగా పేజీలు తిప్పాడు.

"అన్నీ అంతే. నలభైకి నలభై. మంచివి కావు."

తాత నవ్వి ముసలమ్మ వైపు తిరిగాడు. "విన్నావా బుబుష్? ఎంత ఒద్దికో చూడు. ఇంటి గొప్ప ఇంటోళ్లు చెప్పుకుంటారా!"

నేనిక ఆగలేక లేచి వెళ్లి కింది సన్నక్షరాలు గట్టిగా చదివాను. యాభై ఒకటో సంవత్సరం, ముప్పై నాలుగేళ్ల ఆడమనిషి, నాలుగో రోజుకు చిగుళ్లు వాచాయి, నోటి నుంచి చొంగ ఆగలేదు, ఆరో రోజుకు చేతులు వణికాయి, తొమ్మిదో రోజున పోయింది.

"చదివాన్లే నాయనా," అన్నాడు తాత ఓపికగా. "ఆ పిల్ల కిటికీ మూసుకుని ఉంటుంది. మేం తెరిచి పెట్టుకుంటాం. ఇంతకీ నువ్వెవరు?"

"తప్పులు దిద్దుతానండీ ఇక్కడ."

"మరి తప్పుంటే నువ్వే దిద్దుదువు కదా."

 అప్పుడు ముసలమ్మ చేతులు బయటికి తీసి అక్క ముందు బల్ల మీద పెట్టింది. తెల్లటి పొలుసులు, మధ్యలో ఎర్రగా పగుళ్లు.

"డాక్టరమ్మ ఇచ్చిన పూతలు రెండేళ్లు రాశానమ్మా," అంది. "తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఈ చేతులతో పిండి పిసికితే మనవలు రొట్టె ముట్టడం లేదు. దాన్ని దాచి కుక్కకేస్తన్నారు, నేను చూడలేదనుకుంటన్నారు. ఏడు రోజులే కదమ్మా. ఓర్చుకుంటాను."

అక్క ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది. పెదాలు కదిలాయి, గుటక పడింది. నాకు ఆ గుటక తెలుసు. ఈసారి నేను అందించబోయాను. ఆమె నా వైపు చూడలేదు.

"జామాన్," అంది.

అంత గట్టిగా కూడా అనలేదు. తలుపు దగ్గర నిలబడ్డ దోలోత్‌బెక్ చేతిలో టీ గిన్నె ఒలికింది.

"జామాన్ మందు తాతా! జామాన్! మా మామగారు నలభై జామాన్ మందులని పేరు పెట్టారు. నేను అనలేక మింగాను. మూడుసార్లు మింగాను. ఈ పొగ పడితే ఈమె చచ్చిపోతుంది. ఇందులో మంచిదేదీ లేదు, అన్నీ జామాన్, అన్నీ మనుషుల్ని చంపినవే."

తాత అట్ట మీద రచయిత పేరు చూశాడు, అక్క మొహం చూశాడు. ముసలమ్మ చెయ్యి విడిపించుకుని నోరు కప్పుకుంది. ఆ క్షణంలో వాళ్లకు విషం సంగతి ఇంకా తలకెక్కలేదు. చెవులతో విన్నదాన్నే నమ్మలేకపోతున్నారు.

"మామ పేరు ఎత్తావా కోడలా?" అన్నాడు తాత.

"ఎత్తాను."

"పరాయి మగాళ్ల ముందు?"

"మీ ముందు, వీళ్ల ముందు. బజారులో అనమన్నా అంటాను."

 తాత పొట్లం మూసి, మడిచి, బల్ల మీద పెట్టి తన దగ్గర్నుంచి దూరంగా జరిపాడు. "సన్నక్షరాలు ఎవరైనా రాస్తారు," అన్నాడు. "ఇంత సిగ్గు మాత్రం ఊరికే ఎవరూ పడరు." పుస్తకం కూడా అక్కడే వదిలేశాడు. వాళ్లిద్దరినీ చర్మం ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను, ఆ పొడి అక్కడి డాక్టరుకు అప్పగించాను. ఆవిడ దాన్ని చూసి నన్ను పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయను. దారంతా తాత నాతో ఒక్క మాటే అన్నాడు. "ఆ కోడలికి పాపం రాకూడదు."

అక్క ఆ వారమే ఉద్యోగం మానేసింది. దోలోత్‌బెక్ బతిమాలాడు, అట్ట మార్చి మళ్లీ వేస్తానన్నాడు, వేశాడు కూడా. కొత్త అట్ట మీద అసలు పేరు ఉంది, ఆ బొమ్మ లేదు. అది ఎవరూ కొనలేదు. పాతది మాత్రం ఇళ్లలో అలాగే ఉంది. ఒక పొట్లం మా బల్ల మీదికి వచ్చింది సరే, మిగతా రెండు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది మంది పొద్దునా సందేళా అని అడగడానికి నగరం దాకా రారు కదా.

అందుకని అక్కే సంతలకు బయల్దేరింది. కోచ్‌కోర్, తోక్‌మోక్, నారిన్. పుస్తకాలు పరిచే చోటుకీ నాటు మందులు అమ్మే చోటుకీ మధ్య నిలబడి, పుస్తకం పైకెత్తి మామగారి పేరు పెట్టి అరుస్తుంది. "ఇది జామాన్ పుస్తకం కాదు, ఇందులో మందులు జామాన్! ఇంట్లో ఉంటే పైన చదవకండి, కింద చదవండి!" ముసలమ్మలు చెవులు మూసుకుంటారు. ఒకావిడ మొహాన ఉమ్మింది. కుర్ర కోడళ్లు కొంగు చాటున నవ్వుకుంటారు, కానీ ఇంటికి పోయి చెబుతారు. మామ పేరు పెట్టి అరిచే కోడలు వచ్చిందంటే ఏ ఊళ్లోనైనా జనం మూగుతారు. అంత మంచి చాటింపు దోలోత్‌బెక్ జన్మలో వేయించలేడు. సంచీ మోస్తూ నేను వెనక నిలబడతాను. సెలవు దొరికినప్పుడల్లా వెళ్తాను. రమ్మని ఆమె అనలేదు, వద్దనీ అనలేదు.

సెప్టెంబరు చివర అట్‌బాషీ వంతు వచ్చింది. అది ఆమె అత్తారి ఊరు, సంతలో సగం మంది బంధువులు. పోనీ ఈ ఊరు వదిలేద్దామా అన్నాను. "ఈ ఊళ్లో వాళ్లే కదా ఎక్కువ కొన్నది, మా పెద్దాయన పేరు చూసి," అంది. నిలబడి మధ్యాహ్నం దాకా అరిచింది. పెద్ద బావ తెమిర్ గారి కొడుకు దూరం నుంచి చూసి, ముఖం తిప్పుకుని గుర్రాన్ని పక్క సందులోకి మళ్లించాడు. గొంతు పూర్తిగా బొంగురుపోయాక, ఇంక తప్పదన్నట్టు అత్తగారి ఇంటికి నడిచింది. గడప దాకా చకచకా నడిచింది గానీ అక్కడ ఆగిపోయింది.

వార్త మాకంటే ముందే చేరింది. ముసలావిడ గోడకు ఆనించిన పరుపుల మీద కూర్చుని ఉంది. కాలు చాపుకుని, పక్కన కర్ర పెట్టుకుని. మొగుణ్ణి బతికినన్నాళ్లూ "ఇంటాయన" అని తప్ప పేరు పెట్టి అనని మనిషి. చిన్న కోడలు మూల నిలబడి భయం భయంగా చూస్తోంది.

"సంతలో మా ఇంటాయన పేరు పెట్టి అరుస్తున్నావంట. నిజమేనా?"

"నిజమే అత్తమ్మా." అక్క తల ఎత్తలేదు.

"ఆయన రాసిన దాని గురించేనా?"

"దాని గురించే. పేరులో మాట నేనే మింగేశాను. దాన్ని నమ్మి జనం..."

"తెలుసు. చిన్నది చదివి చెప్పింది." ముసలావిడ కర్రతో చాప మీద ఒకసారి తట్టింది. "గుర్రాల సంత దాకా వినపడుతోందా?"

అక్క తలెత్తింది. "అంత దూరం పోదు అత్తమ్మా. గొంతు పోయింది."

ముసలావిడ చిన్న కోడలి వైపు తిరిగింది. "దీనికి పాలు కాచి వెన్న వేసి ఇవ్వు," అంది. "రేపు నారిన్‌లో సంత. అది ఇంతకంటే పెద్దది."